రెండో సంతకం ఎవరిది?

అంతర్యుద్ధం ముగిసిన దేశానికి బయటివాళ్ళు సాయం చేస్తారు సరే, ఆ దేశపు ఖజానా తాళాలు ఎవరి దగ్గర ఉండాలి? ఈ ఒక్క ప్రశ్న మీద మా ఇంట్లో రెండు పక్షాలున్నాయి. మా తమ్ముడు సర్వీసంతా ట్రెజరీలో చేసి రిటైరైనవాడు. వోచరు లేని ఖర్చును ఖర్చుగా ఒప్పుకోడు. మా అమ్మాయి ఒక సహాయ సంస్థ తరఫున పశ్చిమాఫ్రికాలోని లైబీరియాకు వెళ్ళి అక్కడి ఆరోగ్య శాఖతో కలిసి పనిచేసింది. వీళ్ళిద్దరూ ఎదురుపడితే భోజనాలు ఆలస్యమవుతాయి. ఈసారి విన్నది రాసుకున్నాను. నాకు తోచింది అక్కడక్కడ బ్రాకెట్లలో పెట్టాను.

లైబీరియా సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1989 చివర్లో చార్లెస్ టేలర్ దండు సరిహద్దు దాటి రావడంతో మొదలైన యుద్ధం, మధ్యలో కొంత తెరిపి ఇచ్చి, 2003 ఆగస్టులో ఘనా రాజధాని అక్రాలో కుదిరిన శాంతి ఒప్పందంతో ఆగింది. రెండున్నర లక్షల మంది పోయారని అంచనా. పక్కదేశం సియెరా లియోన్‌లో జరిగిన ఘోరాలకు టేలర్‌కు 2012లో 50 ఏళ్ళ జైలుశిక్ష పడింది. సొంత దేశంలో జరిగిన వాటికి ఆయన మీద ఇంతవరకూ విచారణే లేదు. 2006 జనవరిలో ఎల్లెన్ జాన్సన్ సర్‌లీఫ్ అధ్యక్షురాలయ్యేనాటికి ఆ దేశపు ఏడాది బడ్జెట్ దాదాపు 8 కోట్ల డాలర్లు, బయటి అప్పు దాదాపు 490 కోట్ల డాలర్లు.

బాబాయి: నువ్వెన్నైనా చెప్పమ్మా, 2005 సెప్టెంబరులో దాతలతో కుదిరిన జెమాప్ అనే ఆ ఆర్థిక నిర్వహణ ఒప్పందం నాకు నచ్చింది. సెంట్రల్ బ్యాంకు, రాజధాని మన్రోవియా ఓడరేవు, రాబర్ట్స్ విమానాశ్రయం, అటవీ సంస్థ, పెట్రోలియం కంపెనీ... డబ్బు ఎక్కడ పుడుతుందో అక్కడల్లా ఒక విదేశీ ఆర్థిక నిపుణుణ్ణి కూర్చోబెట్టారు. అక్కడి అధికారి సంతకం పక్కన ఈయన సంతకం కూడా పడితేనే చెల్లింపు. మన పంచాయతీల జాయింట్ చెక్ పవర్ లాంటిదే. తెలంగాణలో 2018 చట్టం సర్పంచికీ ఉపసర్పంచికీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది కదా, అదే పద్ధతి. రెండు కళ్ళు చూసిన కాగితంలో తప్పు తగ్గుతుంది.

అమ్మాయి: ఉపసర్పంచి ఆ ఊరివాడే బాబాయ్. వార్డులో ఓట్లడిగి గెలిచినవాడు. పని పాడుచేస్తే వచ్చేసారి ఓడిస్తారన్న భయం ఉంటుంది. మన్రోవియాలో రెండో సంతకం పెట్టినవాళ్ళలో సెంట్రల్ బ్యాంకు ఆయన ఐఎంఎఫ్ పంపితే వచ్చాడు, మిగతావాళ్ళలో ఎక్కువమంది జీతాలు అమెరికావి. వాళ్ళని ఓడించడానికి ఎన్నికేదీ?

బాబాయి: ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఉంటే ఆ మాట చెప్పు. 2003 నుంచి 2006 దాకా ఉన్న తాత్కాలిక ప్రభుత్వం ఎలా ఏర్పడింది? రెండు తిరుగుబాటు దళాలూ, పాత ప్రభుత్వపు మనుషులూ శాంతి ఒప్పందంలోనే మంత్రిత్వ శాఖల్ని పంచుకున్నారు. నీకు ఐదు, నాకు ఐదు. ప్రభుత్వ సంస్థలు కూడా పంపకంలోకే వచ్చాయి. తుపాకీ దించినందుకు బహుమతిగా ఓడరేవు! యూరోపియన్ కమిషన్ ఆడిట్ చేయించేసరికి సెంట్రల్ బ్యాంకుతో సహా అన్నింట్లోనూ చిల్లులే బయటపడ్డాయి. జీతాలు అందక గుమాస్తాలు అల్లాడుతుంటే పైన ఆ పంపకం. అప్పుడు కూడా చూస్తూ ఊరుకోవాలంటావా?

అమ్మాయి: ఆ ప్రభుత్వాన్ని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. కాని ఒకటి ఆలోచించండి. ఆ పంపకాన్ని అక్రాలో దగ్గరుండి ఒప్పించింది కూడా ఇదే అంతర్జాతీయ సమాజం. శాంతి త్వరగా కావాలి, కాబట్టి దొంగల చేతికి శాఖలు ఇవ్వండి అన్నారు. రెండేళ్ళ తర్వాత అయ్యో దొంగలున్నారు, మేం సంతకం పెడతాం అన్నారు.

(ఇక్కడ మా తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. జవాబు వెంటనే తట్టనప్పుడు ఆయనకు దాహం వేస్తుంది.)

అమ్మాయి: పైగా లైబీరియా వాళ్ళకి ఇది కొత్త కాదు. 1912లో అప్పు ఇచ్చినప్పుడే కస్టమ్స్ వసూళ్ళ మీద అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ అధికారుల్ని కూర్చోబెట్టారు. 1926లో ఫైర్‌స్టోన్ రబ్బరు కంపెనీ వచ్చింది. పది లక్షల ఎకరాలు, 99 ఏళ్ళ లీజు, ఎకరానికి ఏడాదికి 6 సెంట్లు. ఆ ఒప్పందంతో ముడిపెట్టి 50 లక్షల డాలర్ల అప్పు ఇచ్చారు, ఆ అప్పుతో పాటు ఒక అమెరికన్ ఆర్థిక సలహాదారుణ్ణి పంపారు. అది తీరడానికి పాతికేళ్ళు పట్టింది. జెమాప్ అనగానే మన్రోవియాలో ముసలివాళ్ళకి గుర్తొచ్చింది అది. మీకు ఆడిట్ కనిపించిన చోట వాళ్ళకి రబ్బరు తోట కనిపించింది.

బాబాయి: చరిత్ర సరే. ఫలితం చెప్పు. జెమాప్ మొదలైన రెండేళ్ళలో ప్రభుత్వ ఆదాయం రెట్టింపు దాటింది. కారే చోట మూత పెట్టారు మరి. సర్‌లీఫ్ ఎవరు? ప్రపంచ బ్యాంకులో, సిటీబ్యాంకులో, ఐక్యరాజ్యసమితిలో పనిచేసి వచ్చిన మనిషి. ఆమెకి ఇది నచ్చిందని నేననను. అయినా ఒప్పుకుంది. ఎందుకంటే విదేశీ సంతకం ఆమెకి కూడా అండే. సొంత పార్టీవాడు వచ్చి బిల్లు పాస్ చేయమంటే, నేను చేస్తానయ్యా, ఆ దొర ఒప్పుకోడు అనొచ్చు. ట్రెజరీలో కూర్చున్నవాడికి ఆ మాట విలువ తెలుసు. ఎమ్మెల్యే మనుషులు వచ్చి బల్ల ముందు నిలబడితే, రూల్ ఒప్పుకోదండీ అని నేను ఎన్నిసార్లు తప్పించుకున్నానో! ఆ రూల్ లేకపోతే నా పని ఏమయ్యేది?

అమ్మాయి: ఆ రూల్ మన అసెంబ్లీ చేసింది కాబట్టి మీరు రిటైరయ్యాక కూడా బల్ల మీద ఉంది. జెమాప్ 2010కల్లా ముగిసింది. 2018లో ఏం జరిగిందో తెలుసుగా?

బాబాయి: తెలుసు. అది నా వాదనకే బలం. స్వీడన్‌లో అచ్చేయించిన కొత్త నోట్లు కంటైనర్లతో సహా మాయమయ్యాయని మన్రోవియా వీధులన్నీ గగ్గోలు. దర్యాప్తు చేస్తే కంటైనర్లు మాయం కాలేదు గాని, చట్టసభ అనుమతి సరిగా లేకుండానే సెంట్రల్ బ్యాంకు ఆర్డరు ఇచ్చిందని, ఆర్డరు కంటే ఎక్కువ నోట్లే అచ్చయి వచ్చాయని తేలింది. ఏ బ్యాంకులో అయితే విదేశీ నిపుణుడు కూర్చుని రెండో సంతకం పెట్టాడో అదే బ్యాంకు! ఆయన లేచి వెళ్ళాడు, కథ మళ్ళీ మొదటికొచ్చింది.

అమ్మాయి: అంటే ఇన్నేళ్ళు పక్కన కూర్చుని నేర్పిందేమీ లేదన్నమాటే కదా? సంతకం పెట్టడానికి మనిషిని పంపారు, సంతకం పెట్టగల మనిషిని తయారు చేయలేదు. ఇంకో సంగతి. జాన్ మోర్లు అని ఆడిటర్ జనరల్ ఉండేవాడు. లైబీరియాలో పుట్టినవాడు. ప్రభుత్వం మీద నిర్మొహమాటంగా రిపోర్టుల మీద రిపోర్టులు ఇచ్చాడు. 2011లో పదవీకాలం ముగిస్తే సర్‌లీఫ్ మళ్ళీ తీసుకోలేదు. అప్పుడు దాతలెవరైనా, ఆయన ఉంటేనే డబ్బిస్తాం అని కూర్చున్నారా? లేదు. తమ మనిషి సంతకం కోసం పట్టుబట్టినంత గట్టిగా ఆ దేశపు మనిషి ఆడిట్ కోసం పట్టుబట్టలేదు.

బాబాయి: ఆడిట్ రిపోర్టులు అటకెక్కించడం ఒక్క లైబీరియాకే తెలిసిన విద్యా ఏమిటి! సరే, అది ఒప్పుకుంటాను. ఆయన్ని నిలబెట్టాల్సింది.

(ఈయన ఒక్క మాట ఒప్పుకోవడమే మా ఇంట్లో వార్త.)

అమ్మాయి: ఇప్పుడు అసలు మాటకొస్తాను. మీరు ఇందాకటి నుంచి చెబుతున్న రెండో సంతకం ఏ డబ్బు మీద? ఆ దేశపు సొంత 8 కోట్ల డాలర్ల మీద. అదే సమయంలో 15 వేల మంది ఐక్యరాజ్యసమితి సైనికుల కోసం ఏడాదికి 70 కోట్ల డాలర్ల పైన ఖర్చయ్యేది. అది కాక ఆసుపత్రులకి, బడులకి, రోడ్లకి దాతలు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం బడ్జెట్ పుస్తకంలోకి రాకుండా నేరుగా సంస్థలకి, కాంట్రాక్టర్లకి వెళ్ళేది. ఆ డబ్బు మీద లైబీరియా మంత్రి సంతకం ఉందా? చెక్ పవర్ జాయింటు అన్నారుగా బాబాయ్. జాయింటు అంటే రెండు వైపులా కదా?

బాబాయి: ఇచ్చేవాడి డబ్బు ఇచ్చేవాడి లెక్క. వాళ్ళ పార్లమెంటుకి వాళ్ళు జవాబు చెప్పుకుంటారు.

అమ్మాయి: చెప్పుకున్నారు. ఎలా ఖర్చుపెట్టారో ఒకటి చెబుతాను, మీరే ఆడిట్ పేరా రాయండి. తుపాకులు అప్పగించిన ప్రతి యోధుడికీ 300 డాలర్లు. సగం ముందు, సగం తర్వాత. 2003 డిసెంబరులో మన్రోవియా దగ్గర షెఫ్లిన్ క్యాంపులో మొదలుపెట్టారు. ఏర్పాట్లు చేసినదానికంటే ఎన్నో రెట్ల మంది వచ్చి పడ్డారు, చేతికి డబ్బు రాలేదని ఊరి మీద పడి కాల్పులు జరిపారు, కార్యక్రమం నెలల తరబడి ఆపాల్సి వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రూల్ సడలించారు. తుపాకీ లేకపోయినా 150 తూటాలు తెస్తే చాలన్నారు. చివరికి ఎంతమంది వచ్చారో తెలుసా? లక్షా మూడు వేల మంది. వచ్చిన తుపాకులు 28 వేల పైచిలుకు.

బాబాయి: మిగతావాళ్ళు?

అమ్మాయి: కమాండర్లు తూటాలు లెక్కపెట్టి తమ బంధువులకి, పొరుగువాళ్ళకి పంచారు. 150 తూటాలు ఇస్తాను, వెళ్ళి పేరు రాయించుకో, వచ్చిన దాంట్లో నాకింత. ఇంకోవైపు నిజంగా యుద్ధంలో తిరిగిన ఆడపిల్లలు, వంట చేసినవాళ్ళు, మోసినవాళ్ళు చాలామంది, తూటాలిచ్చే కమాండరు దయ లేక వరసలోకే రాలేదు.

బాబాయి: బినామీ మస్టర్ రోల్! అచ్చం అదే. మనిషికో తుపాకీ అని రాయకుండా 150 తూటాలు అని ఏ మేధావి రాశాడు? పనిలో లేనివాడి పేరు రాసి కూలి ఎత్తుకోవడానికి ఇంతకంటే మంచి రూలు ఉండదు. ఊళ్ళో ఒక్క పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే, వీడు సైనికుడు కాదు, చేపలమ్మేవాడు అని చెప్పేవాడు.

అమ్మాయి: అదే నేను చెప్పేది. ఆ కాగితం మీద లైబీరియా సంతకం లేదు. అదే కొత్త సైన్యాన్ని తయారుచేసినప్పుడు అమెరికన్లు ఒక మంచిపని చేశారు. చేరడానికి వచ్చినవాళ్ళ ఫొటోలు ఊళ్ళలో చూపించారు. వీడు మా ఊరు తగలబెట్టినవాడు అని ఎవరైనా చెబితే ఆ పేరు కొట్టేశారు. ఖర్చు ఎంత? ఫొటోల అచ్చు ఖర్చు.

(ఆ ఫొటోల పద్ధతి నాకు చాలా నచ్చింది. రెండు వేల మంది చిన్న సైన్యమే అయినా, ఎంపికలో ఊళ్ళ మాట విన్నారు.)

బాబాయి: నీ ఆరోగ్య శాఖ కథ చెప్పు. అక్కడ డబ్బు ప్రభుత్వం ద్వారానే వెళ్ళిందని ఆమధ్య అన్నావు.

అమ్మాయి: 2008లో ఆరోగ్య శాఖకి ఉమ్మడి నిధి పెట్టారు. బ్రిటన్, ఐర్లండ్ లాంటివాళ్ళు డబ్బు ఒకే కుండలో పోస్తారు, దేనికి పెట్టాలో శాఖ నాయకత్వంలో అందరూ కూర్చుని తేల్చుకుంటారు, లెక్కలు ఒక ఆడిట్ సంస్థ చూస్తుంది. తర్వాత అమెరికా ఇంకో పద్ధతి తెచ్చింది. ముందు మీరు ఖర్చు పెట్టండి, పని జరిగిందని తేలాక ఆ మొత్తం మీకు తిరిగిస్తాం అని.

బాబాయి: రీయింబర్స్‌మెంటా! పెట్టడానికి చేతిలో డబ్బే లేనివాణ్ణి ముందు నువ్వు పెట్టు అనడం బాగుంది. మన దగ్గర చిన్న కాంట్రాక్టర్లు పెండింగ్ బిల్లుల కింద ఎలా నలిగిపోతారో నేను చూశాను.

అమ్మాయి: ఆ ఇబ్బంది వచ్చింది, నిజమే. కాని ఆ రెండు పద్ధతుల్లోనూ శాఖలో అకౌంటెంట్లు తయారయ్యారు. దాతలు నేరుగా నడిపిన చోట ఏం జరిగిందో చెబుతాను. ఒక క్లినిక్కు చూశాను. ఒక్కతే నర్సు. బల్ల మీద నాలుగు రిజిస్టర్లు. మలేరియా మాత్రలు ఒక దాతవి, టీకాలు ఇంకో దాతవి, ప్రసవాల కిట్లు మరొకరివి, హెచ్‌ఐవి పరీక్షలు వేరేవాళ్ళవి. ఒకే గర్భిణి వస్తే ఆమె పేరు నాలుగు చోట్లా రాయాలి. మధ్యాహ్నం దాటితే ఆ నర్సు రోగుల్ని చూడటం మానేసి రాత పనిలో పడేది.

బాబాయి: నాలుగు రిజిస్టర్లలోనూ లెక్క కలిసేదా?

అమ్మాయి: చక్కగా కలిసేది. గ్లోవ్స్ అయిపోయాయి అని రాసే గడి మాత్రం ఏ రిజిస్టర్లోనూ లేదు. గ్లోవ్స్ ఏ దాత పద్దు కిందికీ రావు. 2014లో ఎబోలా వచ్చింది. అప్పటికి 43 లక్షల జనాభాకి దేశంలో ఉన్న డాక్టర్లు 50 మంది చిల్లర. 4,800 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో నర్సులు, డాక్టర్లు ఎంతమందో! యుద్ధం ఆగి పదకొండేళ్ళు, వందల కోట్ల డాలర్ల సాయం, చేతికి తొడుక్కోవడానికి రబ్బరు గ్లోవ్స్ లేవు. అదీ రబ్బరు తోటల దేశంలో.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా తమ్ముడే అందుకున్నాడు.)

బాబాయి: అయితే నీ లెక్కలో బయటివాళ్ళు చేసిన మంచిపనే లేదా? మౌంట్ కాఫీ విద్యుత్ కేంద్రం ఎవరు కట్టారు? సెయింట్ పాల్ నది మీద ఉన్నదాన్ని 1990లో యుద్ధం పాడుచేసింది, తర్వాత యంత్రాలు, రాగి తీగలు ఊడదీసి అమ్ముకున్నారు. నార్వే, జర్మనీ, యూరప్ బ్యాంకు, అమెరికా కలిసి మళ్ళీ నిలబెట్టాయి. 2016 డిసెంబరులో మొదటి టర్బైన్ తిరిగింది. ముందు 64 మెగావాట్లు, ఇప్పుడు 88. మన పోలీసు మహిళలు? 2007లో మన దేశం నుంచి మహిళల పోలీసు దళం మన్రోవియాలో దిగింది. ఐక్యరాజ్యసమితి చరిత్రలో అదే మొదటిది. 2016 దాకా ఒక బృందం తర్వాత ఒకటి పనిచేశాయి. వాళ్ళని చూశాకే అక్కడి ఆడపిల్లలు పోలీసుల్లో చేరడం పెరిగిందని ఆ దేశమే చెప్పింది.

అమ్మాయి: అవన్నీ నిజం. మన్రోవియాలో ఇప్పటికీ ఇండియా అంటే ఆ నీలం టోపీల ఆడవాళ్ళనే తలుచుకుంటారు. కరెంటు కూడా నిజమే. కాని టర్బైన్ తిరిగాక ఆ కరెంటుని ఇళ్ళకి చేర్చే తీగలు చాలలేదు. చేరిన చోట దొంగ కనెక్షన్లు విపరీతంగా ఉండేవి. విద్యుత్ సంస్థని నడపడానికి ముందు కెనడా కంపెనీని, తర్వాత ఐర్లండ్ కంపెనీని తెచ్చారు. రెండో సంతకమేమిటి, మొదటి సంతకమే వాళ్ళది! అయినా దొంగతనం ఆగలేదు. వీధిలో ఎవరు కొక్కెం వేశారో ఐర్లండ్ మేనేజరుకి తెలియదు, లైన్‌మన్‌కి తెలుసు. ఆ లైన్‌మన్ జీతం సరిగా వస్తోందా లేదా అన్నది తేలకుండా ఎవరు సంతకం పెట్టినా ఒకటే.

బాబాయి: మరి బయటివాళ్ళు చేయాల్సిందేమిటి? అది చెప్పు. విమర్శ ఎవరైనా చేస్తారు.

అమ్మాయి: రెండు చెబుతాను, రెండూ జరిగినవే. ఒకటి, 2010 జూన్‌లో 460 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేశారు. పాత నియంతలు చేసిన అప్పులు, వడ్డీలతో పెరిగినవి. అంతకుముందు ఏడాదే లండన్ కోర్టు, 1978 నాటి 60 లక్షల డాలర్ల అప్పుకి 2 కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. ఆ అప్పు పత్రాన్ని చేతులు మార్చి కొనుక్కున్న ఫండ్లు వేసిన దావా అది. బ్రిటన్ సిగ్గుపడి మరుసటి ఏడాది చట్టమే మార్చింది. రెండోది మిట్టల్ ఒప్పందం. తాత్కాలిక ప్రభుత్వం దిగిపోయే ముందు, 2005లో, నింబా ఇనుప ఖనిజం మీద మిట్టల్ స్టీల్‌తో సంతకం చేసింది. రైలు మార్గం, బుకానన్ ఓడరేవు కంపెనీ చేతికి. పన్ను మినహాయింపులు వేరే. సర్‌లీఫ్ వచ్చాక బయటి న్యాయవాదుల సాయంతో ఆ కాగితాన్ని తిరగరాయించింది. 2006 చివరికి రైలూ రేవూ మళ్ళీ దేశానికి వచ్చాయి, పన్ను సెలవు పోయింది. ఆ లాయర్లు సంతకం పెట్టలేదు బాబాయ్. సంతకం పెట్టేవాళ్ళ పక్కన కూర్చున్నారు, అంతే.

బాబాయి: అది బాగుంది. కాని ఆ బల్ల దగ్గర కూర్చుంది సర్‌లీఫ్ కాబట్టి కుదిరింది. అంతకుముందు ఏడాది పాత ప్రభుత్వం పక్కన అదే లాయర్లు కూర్చుంటే?

అమ్మాయి: కుదిరేది కాదు. ఒప్పుకుంటాను.

బాబాయి: అదే నా బాధ. మంచివాడు ఉన్నప్పుడు సలహా చాలు. లేనప్పుడు తాళం కావాలి. మంచివాడు ఎప్పుడొస్తాడో ముందే తెలియదు.

అమ్మాయి: తాళం వేసినవాడు చెప్పకుండా వెళ్ళిపోతే? 2018 మార్చిలో ఐక్యరాజ్యసమితి సైన్యం వెళ్ళింది, అది కనీసం చెప్పి, ఏళ్ళ తరబడి తగ్గించుకుంటూ వెళ్ళింది. 2025 జనవరిలో అమెరికా సాయం ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయింది. లైబీరియా జాతీయాదాయంలో అది రెండున్నర శాతం దాకా ఉండేదని అంచనా. క్లినిక్కులకి మందులు, అంబులెన్సులకి పెట్రోలు అన్నీ ఆ పద్దులోవే. ఇలాంటి దెబ్బలు తట్టుకుని వాళ్ళు నిలబడ్డది దేని మీద? 2018లో సర్‌లీఫ్ ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ వేయాకి అధికారం అప్పగించింది. 2023లో స్వల్ప తేడాతో ఓడిన వేయా, లెక్కింపు పూర్తికాకముందే ప్రత్యర్థి బోకాయికి ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ రెండిటికీ ఏ విదేశీ సంతకమూ అక్కర్లేకపోయింది.

బాబాయి: వేయా సంగతి నాకూ ముచ్చటేసింది. మన దగ్గరే అంత తొందరగా ఎవరూ ఒప్పుకోరు. కాని ఎన్నికలు వేరు, క్యాష్ బుక్ వేరు.

అమ్మాయి: సరే, ఇచ్చేవాళ్ళ వరసలో ఇప్పుడు మన దేశం కూడా ఉంది. మన ఎగ్జిమ్ బ్యాంకు ఆఫ్రికా దేశాలకి అప్పులిస్తుంది. వాటిలో సాధారణంగా 75 శాతం సరుకూ సేవలూ మన దగ్గరే కొనాలి. ఆ షరతు మీద అవతలి దేశపు ఊరిమనిషి అభిప్రాయం ఎవరైనా అడిగారా?

బాబాయి: మన పన్ను డబ్బు మన ఫ్యాక్టరీలకి తిరిగొస్తే తప్పేమిటమ్మా?

(నన్ను తీర్పు చెప్పమన్నారు. ఖజానా పంచుకు తినే ప్రభుత్వం ఉన్నప్పుడు రెండో సంతకం కావాలన్న మాటలో మా తమ్ముడితో నాకు పేచీ లేదు, గడువు రాసి పెట్టినంతవరకు. కాని అదే గడువులో, దాతలు ఆ దేశంలో పెట్టే ప్రతి డాలరు మీద ఆ దేశపు సంతకం కూడా పడాలి. లైబీరియాలో మొదటిది జరిగింది, రెండోది చాలావరకు జరగలేదు. మన ఎగ్జిమ్ బ్యాంకు అప్పుల గురించి పేపర్లో చదివినప్పుడు పాఠకులు మొత్తం ఎంతో చూసి ఊరుకోకుండా షరతులు కూడా అడగాలి. ఆ డబ్బు మనదే కాబట్టి అడిగే హక్కు మనకుంది.)